నెలలు నిండకుండా పుట్టిన బాబును ఒకటో తరగతికి పంపవచ్చా?

ప్రశ్న: మా బాబు 29వ వారంలో, 1,150 గ్రాముల బరువుతో పుట్టాడు. ఏడు వారాలు ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ)లో ఉన్నాడు. 17వ నెలలో నడిచాడు. ఇప్పుడు యూకేజీ చదువుతున్నాడు. వచ్చే మార్చి 20కి ఆరేళ్లు నిండుతాయి. మాటలు బాగా వచ్చు, కథలు చెబుతాడు. కానీ రాత చాలా నెమ్మది, పదిలోపు కూడికల్లోనే తడబడతాడు. రెండు మూడు పనులు ఒకేసారి చెబితే మొదటిది చేసి ఆగిపోతాడు. శ్రద్ధ లేదని టీచర్ అంటున్నారు. ఒకటో తరగతికి పంపాలా, ఒక ఏడాది ఆపాలా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, మీరు రాసిన లక్షణాలను విడివిడిగా చూస్తే ఈ వయసు పిల్లల్లో మామూలే అనిపిస్తాయి. 32 వారాలు నిండకముందే పుట్టిన బాబులో అవన్నీ కలిసి కనిపిస్తున్నప్పుడు మాత్రం శ్రద్ధ లేదనో బద్ధకమనో కొట్టిపారేయకూడదు. మెదడు పైపొర ముడతలు పడేదీ, ఒక భాగానికీ మరో భాగానికీ మధ్య నాడీ సంబంధాలు చిక్కబడేదీ ఎక్కువగా గర్భంలోని చివరి మూడు నెలల్లోనే. 34వ వారానికి కూడా మెదడు బరువు నెలలు నిండిన శిశువు మెదడులో సుమారు 65 శాతమే ఉంటుంది. 40 వారాలకు పుట్టాల్సిన మీ బాబుకు 11 వారాల పాటు ఆ ఎదుగుదల గర్భం బయట జరిగింది.

అందువల్ల ఇలాంటి పిల్లల్లో చాలామంది మామూలు బడుల్లోనే చదువుకుంటున్నా, విన్నదాన్ని కాసేపు మనసులో నిలుపుకుని దాని ప్రకారం పని చేయడం, చూసినదాన్ని చేత్తో రాయడం, వేగంగా ఆలోచించడం వంటి విషయాల్లో కొందరు వెనుకబడతారు. మూడు పనులు చెబితే మీవాడు ఒకటే చేయడానికి కారణం మాట వినకపోవడం కాకపోవచ్చు. మిగతా రెండూ అప్పటికే మనసులోంచి జారిపోయి ఉండవచ్చు. లెక్కలకు ఈ శక్తులన్నీ ఒకేసారి కావాలి కనుక, ఈ పిల్లలకు చదవడం కన్నా లెక్కలే ఎక్కువ కష్టమవుతుంటాయి. పైగా వీరిలో ఏకాగ్రత లోపం తరచుగా అల్లరి రూపంలో బయటపడదు. నెమ్మదిగా, చక్కగా మాట్లాడే పిల్లవాడి ఇబ్బంది తరగతిలో ఎవరి కంటా పడకుండా ఏళ్లు గడిచిపోవడం నన్ను ఎప్పుడూ బాధించే విషయం.

ఇక ఒకటో తరగతి సంగతి. నెలలు నిండి పుట్టి ఉంటే మీ బాబు పుట్టినరోజు జూన్ మొదటి వారంలో వచ్చేది. మార్చి 31 నాటికి ఆరేళ్లు నిండాలని చూసే కేంద్రీయ విద్యాలయాల వంటి చోట్ల అప్పుడు అతను సహజంగానే మరుసటి ఏడాది పిల్లలతో కలిసి ఉండేవాడు. అంటే ముందుగా పుట్టినందువల్లే అతను తరగతిలో దాదాపు అందరికన్నా చిన్నవాడవుతున్నాడు. అయితే ఆపినంత మాత్రాన ఇబ్బంది తీరదు. జర్మనీలోని బవేరియాలో జరిగిన పరిశీలనలో, బడి ప్రవేశాన్ని ఏడాది వాయిదా వేసినందువల్ల నెలలు నిండని పిల్లల చదువు మెరుగుపడలేదు. కాబట్టి ఇంట్లో కూర్చోబెట్టవద్దు. ముందు పరీక్షలు చేయించి, వాటి ఫలితాలను బట్టి నిర్ణయించండి. సాయం చేయడానికి బడి సిద్ధంగా ఉంటే ఒకటో తరగతికి పంపడమే నా మొగ్గు.

కంటి పరీక్ష మొదట చేయించండి, ఎందుకంటే నెలలు నిండని పిల్లల్లో మెల్ల, దృష్టి లోపాలు ఎక్కువ. వినికిడి కూడా చూపించండి. తర్వాత పిల్లల ఎదుగుదల నిపుణులు, క్లినికల్ సైకాలజిస్ట్ చేత అంచనా వేయించండి. పెన్సిల్ పట్టు, చేతి కదలికలను ఆక్యుపేషనల్ థెరపిస్ట్ చూస్తారు. ప్రభుత్వ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో నడిచే డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాలను ముందుగా గుర్తించి సాయం చేసే) కేంద్రాల్లో 18 ఏళ్ల లోపు పిల్లలకు ఈ సేవలు ఉచితం. 17వ నెలలో నడవడం గురించి దిగులు వద్దు; ముందుగా పుట్టిన 11 వారాలు తీసేస్తే అది పద్నాలుగున్నర నెలలే. చదువులో ప్రత్యేక లోపం ఉందని నిర్ధారించడం సాధారణంగా ఎనిమిదేళ్ల వయసులో జరుగుతుంది కనుక ఇప్పుడే ఆ పేరు పెట్టనివ్వకండి. కానీ సాయానికి అప్పటిదాకా ఆగనక్కర్లేదు.

టీచర్‌తో తప్పు పట్టే ధోరణిలో కాకుండా మాట్లాడండి. పుట్టుక వివరాలు చాలామంది ఉపాధ్యాయులకు తెలియవు, ఎందుకంటే మనమే చెప్పం. ముందు వరుసలో కూర్చోబెట్టి, ఒకసారి ఒకే పని చెప్పి, అది పూర్తయ్యాక రెండోది చెప్పమనండి. బోర్డు మీద నుంచి ఎక్కించే రాత తగ్గించి, నోటితో జవాబు చెప్పే వీలు ఇవ్వమనండి. ఇంట్లో చింతపిక్కలు లెక్కపెట్టించండి, వైకుంఠపాళి ఆడించండి, గళ్లు దాటుతూ అంకెలు పైకి చెప్పించండి. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. ఏడిపించి గంటసేపు రాయించవద్దు. మధ్యలో శూన్యంలోకి చూస్తూ పిలిచినా పలకకపోవడం, వచ్చిన మాటలు, పనులు మర్చిపోవడం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కు చూపించండి. పరీక్షలకు వెళ్లేటప్పుడు ఎన్‌ఐసీయూ డిశ్చార్జ్ పత్రాన్నీ, బాబు యూకేజీ నోట్‌బుక్‌నూ తప్పక వెంట తీసుకెళ్లండి.