షోరూంలో మిగిలిపోయిన పోయినేడాది కారు కొనొచ్చా?

కొనొచ్చు, కాకపోతే రేటు గట్టిగా తగ్గించుకోవాల, ఎందుకంటే బండి కొత్తదే అయినా లెక్కకి అప్పుడే ఏడాది పాతది. ఆర్‌సీలో రిజిస్ట్రేషన్ తేదీతో పాటు తయారైన నెల, సంవత్సరం కూడా ఉంటాయి, రేపు అమ్మబోతే కొనేవాడు ముందు చూసేది దాన్నే. ఉదాహరణకి 2024 డిసెంబర్లో తయారైన కారుని 2025 ఫిబ్రవరిలో నెల్లూరు మినీబైపాస్‌లో ఏదో ఒక షోరూంలో తీసుకున్నారనుకోండి, దాని వయసు రెండు నెలలే గానీ తర్వాత కావలిలో అమ్మినా ఒంగోల్లో అమ్మినా 2024 మోడల్ అనే అంటారు, రేటూ అట్టే కడతారు. నెలల తరబడి యార్డులో ఎండకి పడున్న బండైతే బ్యాటరీ, టైర్లు కూడా చూసుకోవాల, టైరు పక్కన 4824 అని ఉంటే 2024లో 48వ వారం తయారీ అని అర్థం.

చాలామంది పొరపాటు పడేది ఏందంటే వారంటీ కూడా కొంత అయిపోయుంటుందని, అట్టా ఏం కాదు, మామూలుగా అది బండి మీ చేతికిచ్చిన రోజు నుంచే మొదలు, సొంత కారు ఆర్‌సీకుండే 15 ఏళ్లు కూడా రిజిస్ట్రేషన్ తేదీ నుంచే. పదేళ్లు వాడుకునేవాళ్లకి పెద్ద తేడా తెలీదు, మూడేళ్లకే మార్చేసే అలవాటుంటే మాత్రం సీటు కవర్లు, మ్యాట్లు ఫ్రీగా ఇస్తాం అంటే ఒప్పుకోబాకండి, రేటులోనే తగ్గించమనండి.