నేల చూసినంత జాగ్రత్తగా రిపోర్టు రాయి

బిడ్డా,

హన్మకొండ ఇంట్లో లేచిన టైల్స్ మీద నువ్వు రాసిన తనిఖీ రిపోర్టు చదివాను. ఫొటోలు చూస్తే కష్టపడి తనిఖీ చేశావని తెలుస్తోంది. రాతలో మాత్రం ఆ కష్టం కనబడలేదు. "మేస్త్రీ నాసిరకం పని చేశాడు, అందుకే టైల్స్ లేచాయి" అని మొదటి వాక్యమే పెట్టావు. అది చివర్లో రావాల్సిన మాట, అదీ "నాసిరకం" అనే ముక్క లేకుండా. ముందు నువ్వు చూసింది, కొలిచింది రాయి. తర్వాత ఇంటివాళ్లు ఏమన్నారో, మేస్త్రీ ఏమన్నాడో ఎవరి మాట వాళ్ల పేరు మీద రాయి. ఆ తర్వాతే నీ అభిప్రాయం. రేపు వినియోగదారుల కమిషన్‌లో ఆ రిపోర్టు చదివేవాళ్లు ఆ ఇంట్లో అడుగు పెట్టరు. వాళ్లకు ఉండేది నీ కాగితం ఒక్కటే.

మన వరంగల్ వైపు మే నెలలో టైల్స్ టప్పున లేచాయని ఫోన్లు వస్తాయి. అందరూ ఎండ మీదికి నెట్టేస్తారు. ఎండకు టైల్ సాగే మాట నిజమే. కానీ అదే ఎండకు పక్క గదిలో ఎందుకు లేవలేదు? నీ పని అక్కడ మొదలవుతుంది. టైళ్ల మధ్య స్పేసర్లు (సందు వదలడానికి పెట్టే చిన్న ముక్కలు) పెట్టారా, ఒకదానికొకటి ఆనించి పరిచారా? స్కర్టింగ్ (గోడ అడుగున అతికించే పట్టీ) కింద గోడ వెంట ఖాళీ వదిలారా, మాల్‌తో (సిమెంట్, ఇసుక కలిపిన ముద్దతో) నింపేశారా? లేచిన టైల్‌ని తిరగేసి చూడు. వెనక నున్నగా ఉంటే మాల్ దాన్ని పట్టుకోలేదన్నమాట. విట్రిఫైడ్ టైల్ పీల్చే నీళ్లు 0.5 శాతానికి మించవు. షాబాద్ బండకు పోసినట్టు సిమెంట్ పాలు పోస్తే దానికి గట్టి పట్టు రాదు, అడెసివ్ (టైల్స్ అతికించే జిగురు) కావాలి. అడెసివ్‌కు ఐఎస్ 15477 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఖాళీ సంచి ఇంకా సైట్లో పడి ఉంటే దాని మీద రాసిన అడెసివ్ టైపు కనబడేలా ఫొటో తియ్యి. మూలల్లో, నడుమ ముద్దలు పెట్టి అతికించి ఉంటే ఆ గుర్తులు కూడా టైల్ వెనకే దొరుకుతాయి.

"కొన్ని టైల్స్ గుల్లగా మోగాయి" అన్నావు. ఎన్ని, ఎక్కడ? గది బొమ్మ గీసి టైళ్లకు నంబర్లు వెయ్యి, గుల్లగా మోగినవాటి మీద అడ్డగీత పెట్టు. అవన్నీ ఒక గోడ వెంటే ఉన్నాయా, గదంతా చెదిరి ఉన్నాయా అన్నది అప్పుడు ఎవరికైనా కనబడుతుంది.

మచ్చలు, రంగు తేడా ఫిర్యాదైతే టార్చి వేసి వెతకొద్దు. ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) పద్ధతిలో 300 లక్స్ (వెలుతురు కొలత) వెలుతురులో, మీటరు దూరం నుంచి చూడాలి. చెక్క ఫ్లోర్ అయితే తేమ అంకెతో పాటు ఏ మీటరుతో ఎక్కడ కొలిచావో, ఏసీ నడుస్తోందో లేదో కూడా రాయి.

ఇంటివాళ్లు "తప్పెవరిది అన్నా?" అని అడుగుతారు. పాపం, ఇల్లు కట్టడానికి అప్పు చేసినవాళ్లు, వాళ్ల టెన్షన్ వాళ్లది. అయినా అక్కడ తీర్పు చెప్పకు, ఫీజు వాళ్లే ఇస్తున్నా సరే. టైల్ తియ్యనివ్వకపోతే "తియ్యనివ్వలేదు, కింద ఏముందో చూడలేదు" అని ఉన్నదున్నట్టు రాయి.

వారానికో పూట కాజీపేటలో ఏదైనా కొత్త అపార్ట్‌మెంట్‌కు పోయి, మేస్త్రీ టైల్స్ పరుస్తుంటే పక్కన నిలబడి చూడు. రిపోర్టు రాశాక మీ అమ్మకు చదివి వినిపించు. ఆ గది ఆమెకు అర్థం కాకపోతే మళ్లీ రాయి. తర్వాత ఇంటివాళ్ల పేరు, చిరునామా కొట్టేసి నాకు పంపు, దిద్ది పంపిస్తాను.

మీ పెద్దబాపు