అడ్మిన్ అకౌంట్‌లోనూ పాత ఫోల్డర్ ‘యాక్సెస్ డినైడ్’ అంటుంటే
విండోస్ మళ్లీ వేశాక డి డ్రైవ్‌లోని ఫోటోల ఫోల్డర్ తెరుచుకోవట్లేదంటే, దాని ఓనర్ ఇంకా పాత అకౌంటే. కొత్త అకౌంట్‌కి అదే పేరు పెట్టినా విండోస్ చూసేది పేరు కాదు, లోపలి ఐడీ. అది మారిపోయింది.

1. ఫోల్డర్‌పై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌కి వెళ్లండి.
2. ఓనర్ పక్కన ‘ఛేంజ్’ నొక్కి, మీ యూజర్ పేరు కొట్టి, ‘చెక్ నేమ్స్’, ఓకే.
3. చాలామంది వదిలేసేది ఇదే: ఓనర్ మారగానే ఆ పేరు కిందే ‘రీప్లేస్ ఓనర్ ఆన్ సబ్‌కంటైనర్స్ అండ్ ఆబ్జెక్ట్స్’ అనే గడి కొత్తగా వస్తుంది. టిక్ పెట్టి అప్లై చేయండి. లేదంటే పై ఫోల్డర్ తెరుచుకున్నా లోపలివి మొరాయిస్తాయి.
4. విండోలన్నీ మూసి మళ్లీ అక్కడికే వచ్చి, ‘యాడ్’లో మీ పేరుకి ఫుల్ కంట్రోల్ ఇవ్వండి.

సి డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌పై ఇది అస్సలు చేయొద్దు.