ట్రంపెట్ ఒక్కదాన్నే నమ్ముకుని గొప్ప కళాకారుడిగా, గురువుగా బతికినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు. నన్నడిగితే ఒక్క పేరు చెబుతాను: తిమొఫేయ్ దోక్షిత్సర్, రష్యా. ప్రశ్న అడిగినవారు కింద "ట్రంపెట్ అంటే పెళ్లి ఊరేగింపులో సినిమా పాటలు ఊదడానికే కదా" అని కూడా రాశారు. ఆ మాట నాకు బాధ కలిగించింది. నా కాలేజీ ఫీజులు కట్టింది ఆ ఊరేగింపులే. రాత్రి పదకొండు దాకా నడుస్తూ ఊదినవాడికి భోజనం అందరూ తిన్నాక పెడతారు. ఇప్పుడైతే డీజే బాక్సులు వచ్చి ఆ పిలుపు కూడా తగ్గిపోయింది. వాయిద్యానికి విలువ లేకపోవడం వేరు, వాయించేవాడికి మనం విలువ ఇవ్వకపోవడం వేరు. దోక్షిత్సర్ జీవితం చూస్తే ఇది బాగా తెలుస్తుంది.

ఆయన 1921లో ఉక్రెయిన్‌లోని నీఝిన్‌లో పుట్టారు. చిన్నతనంలోనే కుటుంబం మాస్కో చేరింది. అక్కడ అశ్వికదళ రెజిమెంటు బ్యాండులో కుర్రాడిగా చేరారు. అంటే ఆయన కూడా బ్యాండు నుంచే వచ్చారు, ఇది గుర్తుపెట్టుకోండి. తర్వాత మిఖయిల్ తబకోవ్ దగ్గర నేర్చుకున్నారు. 1947లో ప్రాగ్ అంతర్జాతీయ పోటీలో మొదటి బహుమతి. 1945 నుంచి 1983 దాకా మాస్కోలో ఒపెరాలు, బాలేలు ఆడే బొల్షోయ్ థియేటర్ ఆర్కెస్ట్రాలో ట్రంపెట్ వాయించారు. మధ్యలో మాస్కో కన్జర్వేటరీ అనే సంగీత కళాశాలలో ఆర్కెస్ట్రా నడిపించే విద్య కూడా చదివి 1957లో పూర్తి చేశారు. గ్నేసిన్ సంగీత విద్యాలయంలో ప్రొఫెసర్‌గా ఎంతోమందిని తయారుచేశారు. చివరి సంవత్సరాలు లిథువేనియాలోని విల్నియస్‌లో గడిపి, 2005లో అక్కడే కన్నుమూశారు.

నేను చెప్పాలనుకున్నది మాత్రం ఈ తేదీల్లో లేదు. తబకోవ్ ఎంత గొప్పవారైనా, దోక్షిత్సర్‌కి అసలు గురువు ఒపెరా, అంటే మొదటినుంచి చివరిదాకా పాటలతో సాగే నాటకం, అని నా గట్టి నమ్మకం. బొల్షోయ్‌లో ఆర్కెస్ట్రా వేదిక ముందు, కింద గోతిలాంటి చోట కూర్చుంటుంది. పైన గాయకులు పాడుతుంటారు. ఒపెరాలో ట్రంపెట్‌కి పని తక్కువ, ఖాళీ ఎక్కువ. లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. ఆ ఖాళీలో ముప్పై ఎనిమిదేళ్లు దేశంలోనే మేటి గాయకులు ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో, పాట చివరి స్వరాన్ని ఎలా వదులుతున్నారో విన్న మనిషి ఆయన. అందుకే ఆయన ట్రంపెట్ పాడుతుంది. మిగతా చాలామంది ట్రంపెట్లు మోగుతాయి.

దీనికి నా దగ్గరున్న సాక్ష్యం ఒక మధ్యాహ్నం. మా మాస్టారు మిలటరీ బ్యాండులో పనిచేసి రిటైరై మా ఊరు వచ్చారు. ఆయన దగ్గర మెలోడియా కంపెనీ ఎల్పీ రికార్డు ఒకటి ఉండేది. దాని మీద గ్లియేర్ అనే సంగీతకర్త రాసిన కాన్చెర్టో, అంటే ఒక్కరు ముందుండి వాయిస్తే లేదా పాడితే ఆర్కెస్ట్రా తోడు నడిచే రచన. గ్లియేర్ దాన్ని 1943లో రాసింది ట్రంపెట్‌కి కాదు, స్త్రీ గొంతుకి. అందులో సాహిత్యం ఒక్క ముక్క కూడా ఉండదు, గొంతు వట్టి రాగంలాగా సాగుతుంది. దోక్షిత్సర్ దాన్ని ట్రంపెట్‌కి తెచ్చుకున్నారు. ఆ రోజు ఎండ మండిపోతోంది, కరెంటు వస్తూ పోతూ ఉంది. నేను ట్రంపెట్ పెట్టె తెరవబోతే మాస్టారు "దాన్ని మూసెయ్ నాన్నా, ముందు విను" అన్నారు. మొదటి భాగంలో మొదటి సంగీత వాక్యం అవగానే ముల్లు పైకెత్తారు. "ఇప్పుడు పాడు" అన్నారు. నాకు పాడటం రాదన్నాను. "రాకపోతే ఊదడమూ రాదు. పాడు."

పాడాను. మళ్లీ ముల్లు వేశారు. మళ్లీ ఎత్తారు. "ఆయన ఎక్కడ గాలి తీసుకున్నాడు?" అని అడిగారు. నాకు వినపడలేదు. మూడోసారో నాలుగోసారో వినపడింది: స్వరం తెగలేదు, సన్నబడింది, ఆ సన్నదనం లోపలే ఊపిరి. చివరి స్వరం ఎక్కడ ఆగిందో చెప్పలేకపోయాను. కరెంటు పోయినప్పుడు రికార్డు నీరసంగా కిందికి జారుతూ ఆగిపోయేది. మాస్టారు అక్కడినుంచి తనే గొంతుతో అందుకుని పాడేవారు, ఆపకుండా. సాయంత్రం దాకా నా చేత మౌత్‌పీస్ ముట్టనివ్వలేదు. తర్వాత ఊదమన్నప్పుడు, అదే ట్రంపెట్, అవే మూడు వాల్వులు, శబ్దం మాత్రం వేరే. పక్కింటావిడ వచ్చి "ఎవరండీ వాయిస్తోంది" అని అడిగింది. మాస్టారు నా వైపు చెయ్యి చూపించారు.

ట్రంపెట్ గురించి తెలియనివారికి ఒక మాట. వాల్వులంటే వేళ్లతో నొక్కే మీటలు. ఆ మూడూ కలిపి నొక్కినా, విడిగా నొక్కినా వచ్చే అమరికలు కొద్దే. ఒకే అమరికలో చాలా స్వరాలు పలుకుతాయి. ఏది పలకాలో తేల్చేది పెదవులు, గాలి. మనసులో స్వరం ముందే మోగకపోతే పెదవికి ఎక్కడ నిలబడాలో తెలియదు. పాడటం నేర్పకుండా వేళ్లు నేర్పే మాస్టర్లు పిల్లల ఏళ్లకేళ్లు వృథా చేస్తున్నారు. ఇది నేను ఎక్కడైనా ఎవరి ముందైనా చెబుతాను.

ఇంకో బాధ. దోక్షిత్సర్ పేరు ఎత్తగానే అందరూ పంపేది రిమ్స్కీ-కొర్సకొవ్ రాసిన తుమ్మెద ముక్క, అంటే తుమ్మెద ఎగిరినట్టు గిరగిరా సాగే చిన్న రచన. ఎంత స్పీడుగా వాయించారో చూశారా అని. స్పీడు ఆయన దగ్గర ఉంది, నిజమే. కానీ వేగం, ఎత్తు స్వరాలు ఈ రెండే కొలతలు అనుకుని ఎదిగే పిల్లలు పెదవులు పాడుచేసుకుని ఇరవై రెండేళ్లకే మానేయడం నేను కళ్లారా చూశాను.

ఆయన గొంతుకీ వేరే వాయిద్యాలకీ రాసిన సంగీతాన్ని ట్రంపెట్‌కి ఎందుకు అంతగా తెచ్చుకున్నారో కూడా చెప్పాలి. ట్రంపెట్‌కి హైడన్ 1796లో ఒక కాన్చెర్టో రాశారు, హమ్మెల్ 1803లో ఒకటి. ఆ తర్వాత దాదాపు నూరేళ్లు పెద్ద సంగీతకారులు దీనికి పెద్దగా ఏమీ రాయలేదు. అందరూ వయొలిన్‌కీ పియానోకీ రాశారు. దోక్షిత్సర్ ఊరుకోలేదు. పియానో ప్రధానమైన గెర్ష్విన్ "రాప్సొడీ ఇన్ బ్లూ"ని కూడా ట్రంపెట్‌కి మార్చి రికార్డు చేశారు. సంగీతకర్త వైన్‌బెర్గ్ 1960లలో తన ట్రంపెట్ కాన్చెర్టోని ఆయనకే అంకితం చేశారు. గురువుగా ఆయన చేసిన అతిపెద్ద పని ఇదేనంటాను, విద్యార్థి చేతికి వాయించడానికి సంగీతం ఇచ్చారు. మా అబ్బాయిని చేర్పిద్దామని నేను ఒక సంగీత కళాశాలలో అడిగితే "ట్రంపెట్‌కి క్లాసు లేదండీ, వయొలిన్‌లో చేర్చండి" అన్నారు. గురువు లేడు, క్లాసు లేదు, పాఠం లేదు. ఇక ఆ పిల్లవాడు ఊరేగింపుకి తప్ప ఎక్కడికి వెళ్తాడు?

వినడం మొదలుపెట్టేవారు ముందు గ్లియేర్ వినండి. తర్వాత చైకొవ్‌స్కీ బాలే "స్వాన్ లేక్"లో నేపుల్స్ నాట్యం, రెండు నిమిషాలే. ఆ తర్వాత అరుత్యునియన్ 1950లో రాసిన కాన్చెర్టో. దాని చివర్లో ట్రంపెట్ ఒంటరిగా వాయించే భాగం దోక్షిత్సర్ స్వయంగా రాసుకున్నది. ఇవాళ్టికీ ఎన్నో దేశాల్లో విద్యార్థులు దాన్నే వాయిస్తారు. తుమ్మెద ముక్క అన్నిటికన్నా చివర వినండి.