బట్టీల పొగలో పండిన బియ్యం తింటే రక్తం తగ్గుతుందా?

ప్రశ్న: మాది మండపేట దగ్గర పల్లె. మా చేలకు ఆనుకునే ఇటుక బట్టీలున్నాయి. ఆ చేలో పండిన బియ్యమే తింటున్నాం. కోడలికి ఆరో నెల, హిమోగ్లోబిన్ 9.4 అన్నారు. పొగకి బియ్యంలో బలం పోయిందా? బియ్యం మార్చమంటారా?

డాక్టర్ సలహా: అమ్మా, పొగ పైరుకి చెరుపు చేసే మాట నిజమే. మీ కోడలికి రక్తం తగ్గడానికి మాత్రం అది కారణం కాదు.

బట్టీలు, డీజిల్ ఇంజన్లు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్ల వల్ల ఎండలో నేలమట్టాన ఓజోన్ తయారవుతుంది. అది ఆకు రంధ్రాల్లోంచి లోపలికి పోతుంది. పాలు పోసుకునే దశలో గింజను నింపేది ముఖ్యంగా పోటాకు, అంటే కంకి కింద ఉండే చివరి ఆకు. ఓజోన్ దెబ్బకి ఆ ఆకు ముందే పండిపోతే తాలు పెరుగుతుంది. అయినా నిలిచిన గింజలో మాంసకృత్తుల శాతం పెద్దగా పడిపోదు. గోధుమలోనైతే కాస్త పెరుగుతుంది కూడా, పిండిపదార్థం అంతకన్నా ఎక్కువ తగ్గుతుంది కనుక. దెబ్బ ప్రధానంగా దిగుబడి మీదే.

గింజలో పోషకాలను పలచన చేసేది కార్బన్ డయాక్సైడ్. ఆ వాయువు 568–590 పీపీఎం (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు) ఉన్న గాలిలో పెంచిన వరిలో మాంసకృత్తులు సుమారు 10, ఇనుము 8, జింకు 5 శాతం తగ్గాయని 2018లో వెలువడిన ప్రయోగ ఫలితాలు చెబుతున్నాయి. ఇప్పటి గాలిలో ఉన్నది 420 దాటి కొంచెం. పోనీ, ఆ 8 శాతం ఇప్పుడే పోయిందనుకుందాం. రోజుకి 300 గ్రాముల పాలిష్ బియ్యంలో ఇనుము 2 మిల్లీగ్రాములే, అందులో తగ్గేది 0.16. గర్భిణికి కావలసింది 27. బియ్యం మార్చినా ఈ లోటు పూడదు.

మిల్లులో పోయేది ఇంతకన్నా చాలా ఎక్కువ. 100 గ్రాముల దంపుడు బియ్యంలో బి1 విటమిన్ 0.27 మిల్లీగ్రాములుంటే తెల్లగా పాలిష్ పట్టిన దాంట్లో 0.05. గంజి వారిస్తే ఆ కాస్తలోనూ కొంత పోతుంది. మీ ధాన్యమే కాబట్టి ఒక్క పాలిష్‌తో ఆపించండి, అత్తెసరు పెట్టండి. ఉప్పుడు బియ్యమైనా మంచిదే. చోడిపిండి జావ, పప్పు, గుడ్డు, తోటకూర రోజూ ఉండాలి. బట్టీ పక్క పెరిగిన ఆకుకూర మీద మసి పేరుకుంటుంది. నీళ్లు మార్చి మూడుసార్లు కడగండి.

9.4కి తిండి ఒక్కటే చాలదు. 60 మిల్లీగ్రాముల ఇనుము, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్ర పూటకొకటి చొప్పున రోజుకి రెండు వేయాలి, నిమ్మరసంతో అయితే బాగా ఒంటబడుతుంది. టీ, పాలు, కాల్షియం మాత్రకి రెండు గంటల ఎడం ఉండాలి. చాలామంది ఇనుము, కాల్షియం మాత్రలు ఒకేసారి మింగడంతోనే మందు పని చేయడం లేదంటారు. విరేచనం నల్లగా వస్తే భయపడి మానొద్దు. నులిపురుగుల మందు వేశారో లేదో ఏఎన్‌ఎంని అడగండి. నెల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి. ఒక గ్రాము కూడా పెరగకపోతే సెలైన్‌లో ఇనుము ఎక్కించడం గురించి, తలసీమియా పరీక్ష గురించి డాక్టరుతో మాట్లాడండి.

పొగ గురించి మీ భయం వేరే చోట న్యాయమైనదే. పీల్చిన పొగ బిడ్డ బరువు తగ్గిస్తుంది. బట్టీ కాలుతున్నప్పుడు, దాళ్వా కోతలయ్యాక గడ్డి తగలబెట్టినప్పుడు ఆమెని గాలివాటున కూర్చోనివ్వకండి, ఆ వైపు కిటికీలు మూయండి. ఆయాసం, గుండెదడ వచ్చినా, హిమోగ్లోబిన్ 7కి దిగినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.