కచేరీ టిక్కెట్టు కొంటే కాలేజీ గేటు తెరుచుకుంటుంది

"పాశ్చాత్య సంగీతం నాకు బొత్తిగా తెలియదు పిన్నీ. అలాంటి చోటికి వెళ్తే నలుగురూ నవ్వరూ?"

చిక్కడపల్లిలో మా అక్క వాళ్లింట్లో, హాలు మధ్యలో సూట్‌కేసు తూకం వేస్తూ అక్క కూతురు అడిగిన ప్రశ్న ఇది. సెప్టెంబరులో చదువుకోసం ఆక్స్‌ఫర్డ్ వెళ్తోంది. దానితో పాటు బయలుదేరుతున్న మరో ముగ్గురు పిల్లలూ చేరారు. అప్పటికి గంటన్నరగా కుక్కరు తీసుకెళ్లాలా వద్దా, గోంగూర సీసా విమానంలో కారకుండా ఎలా కట్టాలి, కందిపప్పు అక్కడ దొరుకుతుందా అన్న వాటికి జవాబులు చెబుతున్నాను. (దొరుకుతుంది. కౌలీ రోడ్డులో అన్నీ దొరుకుతాయి.) అక్కడి కాలేజీల్లో జరిగే పాశ్చాత్య సంగీతపు వేసవి కచేరీల మాట ఎత్తింది నేనే. ఎవరూ అడగరని తెలుసు కాబట్టి.

నేను ఆ ఊరికి వెళ్లి పంతొమ్మిదేళ్లయింది. ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం. మొదటి నాలుగేళ్లు హై స్ట్రీట్ మీదుగా బస్సులో వెళ్తూ ఆ రాతి గోడల్నీ, చెక్క తలుపుల్నీ చూసి, ఇవి మనవి కావులే అనుకునేదాన్ని. మన ఉస్మానియాలో ఆర్ట్స్ కాలేజీ మెట్ల దాకా ఎవరైనా వెళ్లవచ్చు, పొద్దున్నే ఆ రోడ్ల మీద నడకకు వచ్చేవాళ్లలో సగంమందికి చదువుతో సంబంధం ఉండదు. అక్కడ అలా కాదు. విశ్వవిద్యాలయమంటే ఒక ఆవరణ కాదు, ఊరంతా పరుచుకున్న నలభై దాకా కాలేజీలు. ప్రతిదానికీ సొంత గోడ, సొంత గేటు, గేటు దగ్గర ఒక పెద్దమనిషి. కొన్నింటిలోకి పగటిపూట టిక్కెట్టు పెట్టి రానిస్తారు, కొన్నింటిలోకి అదీ లేదు. మా అక్క కూతురు చేరుతున్నది ఆ పాత విశ్వవిద్యాలయంలో కాదు, అదే ఊళ్లో ఉన్న మరోదానిలో. అంటే అదీ నాలాగే గోడకు ఇవతలి మనిషే.

అయిదో ఏడు జూలైలో ల్యాబులో ఒకావిడ దగ్గర టిక్కెట్టు ఒకటి మిగిలిపోతే నాకిచ్చింది. ఒక కాలేజీ ప్రార్థనాలయంలో కచేరీ. గేటు దగ్గర చీటీ చూపించగానే ఆ పెద్దమనిషి చేత్తో దారి చూపించాడు, అంతే. లోపల నలుచదరపు పచ్చిక, చుట్టూ వరండాలు, ఏడున్నరకు కూడా ఎండ. నేను తిన్నగా గడ్డి మీదుగా నడవబోయాను. ఆ తప్పు మీరు చేయకండి, ఆ గడ్డి చాలాచోట్ల చూడడానికే.

నవ్వరా అంటే, నవ్వరు. ఎటొచ్చీ చప్పట్ల దగ్గర జాగ్రత్త. సింఫనీకి, అంటే వాద్యబృందమంతా కలిసి వాయించే పెద్ద కృతికి, సాధారణంగా నాలుగు భాగాలుంటాయి. ఒకటి ముగిశాక కొన్ని క్షణాలు అంతా ఆగుతుంది, ఎవరో దగ్గుతారు, పేజీలు తిరగేస్తారు. అయిపోయిందనుకుని నేను గట్టిగా చప్పట్లు కొట్టాను. ఆ రాతి కప్పు కింద నా రెండు చేతుల చప్పుడు మాత్రమే మోగింది. ముందు వరుస ముసలాయన వెనక్కి తిరిగి చిరునవ్వు నవ్వాడు. మర్యాదకే నవ్వాడనుకోండి, కానీ నాకు చెవులు కాలాయి. తర్వాత తెలిసిందేమిటంటే, పాతకాలంలో వాళ్లూ భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టేవారట. ఇప్పటి నియమం మాత్రం, ఎదుట నిలబడి వాద్యబృందాన్ని నడిపించే కండక్టరు చేతులు పూర్తిగా కిందికి దిగేదాకా మన చేతులు ఒళ్లోనే ఉండాలి. తొడ మీద తాళం వేయడం కూడా కుదరదు. మృదంగం వంతు, తని ఆవర్తనం, మొదలవగానే కాఫీకి లేచే మన గానసభ అలవాటు విమానాశ్రయంలోనే వదిలేయండి. ఆలస్యమైతే తలుపు వేసేస్తారు, విరామం దొరికేదాకా బయటే. అందులో బతిమాలడాలు ఉండవు.

వినడం ఎలా అన్నది అసలు సంగతి. మన చెవి గమకం కోసం, స్వరాన్ని ఊపి పలకడం కోసం, వెతుకుతుంది. పియానోలో స్వరం ఊగదు, నొక్కిన చోటే నిలబడుతుంది. దాంతో మొదటి పావుగంట ఉప్పులేని కూరలా ఉంటుంది. మన శంకరాభరణం రాగం స్వరాలే వాళ్ల మేజర్ స్కేలు అనే స్వరవరుస అని తెలిసినా లాభం ఉండదు, ఎందుకంటే రాగం పట్టుకుందామని చూస్తే చేతికి చిక్కదు. అక్కడి రుచి వేరే చోట ఉంది, ఒకే సమయంలో నాలుగైదు పాటలు కలిసి నడవడంలో. నేను చేసే పని చెబుతాను. పైన వినిపించే వయొలిన్‌ను వదిలేసి అడుగున నడిచే చెల్లోను, అంటే మంద్రంగా పలికే పెద్ద వయొలిన్ లాంటి వాద్యాన్ని, పట్టుకోండి. అయిదు నిమిషాలు దాని వెంటే వెళ్లండి. పై పాట ఎందుకు అటు తిరిగిందో మెల్లగా తెలిసొస్తుంది. ఇంకొకటి, వాద్యబృందం మొదలుపెట్టే ముందు ఓబో అనే వాద్యం ఒక స్వరం ఊదితే అందరూ దానికి శృతి చేసుకుంటారు. అది మన సన్నాయికి చుట్టమే, రెండు పలకల పీక. ఆ ఒక్క స్వరం దగ్గర నాకు ప్రతిసారీ పెళ్లిపందిరి గుర్తొస్తుంది.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది హోలీవెల్ మ్యూజిక్ రూము. 1748లో తెరిచారు, కచేరీల కోసమే కట్టిన హాళ్లలో యూరప్‌లో అన్నిటికన్నా పాతదని చెబుతారు. చిన్న గది, రెండువందల మంది పడతారేమో. వయొలిన్ వాయించేవాళ్లు ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది. షెల్డోనియన్ థియేటరు సంగతి వేరు. వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ రూపొందించింది, 1669లో పూర్తయింది. 1733 జూలైలో స్వరకర్త హాండెల్ తన ఒరటోరియో ఒకటి, అంటే గాయకులూ వాద్యబృందమూ కలిసి వినిపించే గాథ, మొదటిసారి వినిపించింది అక్కడే. 1791 జూలైలో విశ్వవిద్యాలయం మరో స్వరకర్త హైడన్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చినప్పుడు ఆయన 92వ సింఫనీ కూడా అక్కడే మోగింది. దానికి 'ఆక్స్‌ఫర్డ్' అన్న పేరు స్థిరపడింది గానీ, నిజానికి అది రెండేళ్ల ముందే ఫ్రాన్సు వాళ్లు అడిగితే రాసింది. అప్పటికి మన త్యాగయ్యగారికి 24 ఏళ్లు. ఆ లెక్క వేసుకున్నాక హైడన్ నాకు కొంచెం దగ్గరివాడయ్యాడు.

పియానో ఫెస్టివల్ అని వేసవిలో ఒకటి జరుగుతుంది. అందులో కచేరీలకన్నా మాస్టర్‌క్లాసులు చూడమంటాను. పేరున్న విద్వాంసులు అందరి ఎదుటా శిష్యులకు పాఠం చెబుతారు, మనం కూర్చుని వినవచ్చు. ఒకసారి ఒక కుర్రవాడు నాలుగు వరుసలు వాయించాడో లేదో, గురువుగారు ఆపారు. ఎడమచేతి చిటికెన వేలు బరువు తగ్గించమన్నారు. మళ్లీ వాయించాడు. మళ్లీ ఆపారు. ఆరోసారికి ఆ బరువు తగ్గింది, గదిలో అందరికీ తెలిసింది, నాకు కూడా. మోహన వర్ణంలో ఒక్క గాంధారం దగ్గర మా గురువుగారు నన్ను ఒక సాయంత్రమంతా నిలబెట్టిన సంగతి గుర్తొచ్చింది. సంగీతం నేర్చుకుని మానేసిన మన పిల్లలకు అది పరాయి చోటు కాదు.

డబ్బు విషయం. స్తంభం అడ్డం వచ్చే సీట్లు చవక, విద్యార్థులకు తగ్గింపు ఉందేమో అడగండి. చూసేదేముంది, వినడమే కదా. చేతిలో పైసా లేని నెలలో సాయంత్రం ప్రార్థన, ఈవెన్‌సాంగ్, ఉంది. క్రైస్ట్ చర్చ్, న్యూ కాలేజ్, మోడ్లిన్ అనే కాలేజీల గాయక బృందాలు పేరుమోసినవి, రుసుము లేదు. కాలేజీ సెలవుల్లో చాలావరకు ఆగిపోతుంది కాబట్టి జూలైదాకా ఆగకుండా అక్టోబరులోనే వెళ్లండి. అది కచేరీ కాదు, పూజ. వాళ్లు లేస్తే లేవండి, కూర్చుంటే కూర్చోండి, చప్పట్లు అసలే వద్దు. సూటూ బూటూ ఎక్కడా అక్కర్లేదు. జూలై అయినా రాతి ప్రార్థనాలయాల్లో చలి వేస్తుంది, శాలువా ఉంచుకోండి. రాత్రి బస్సు వేళ ముందే చూసుకోండి. ఇక షెల్డోనియన్ బల్లలు కటిక చెక్క. రెండు గంటలు కూర్చుంటే నడుము పడిపోతుంది, చిన్న దిండు తీసుకెళ్లండి.

అంతా విన్న మా అక్క లేచి లోపలికెళ్లి సోఫా దిండు ఒకటి పట్టుకొచ్చింది. సూట్‌కేసు అప్పటికే 23 కిలోలు దాటింది. దేన్ని తీయాలా అని చూసి అక్క కూతురు గోంగూర సీసా మీద చెయ్యి వేసింది.

"దిండు అక్కడ దొరుకుతుంది," అన్నాను. "సీసా ఉంచు."