5.1 హోమ్ థియేటర్‌లో గుంయ్ శబ్దం, తెలియని మాటలు, సోఫా దగ్గర అందని బేస్: సబ్‌వూఫర్ మార్చే ముందు చూసుకోవలసినవి

నమస్కారమండీ. మీ హాలు 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు అనీ, సోఫా టీవీ గోడకు ఏడడుగుల దూరంలో ఉందనీ, కేబుల్ సెట్‌టాప్ బాక్సును టీవీకి, టీవీని హెచ్‌డీఎంఐ తీగతో రిసీవరుకు, అంటే స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టెకు, కలిపారనీ రాశారు. మీ ఇబ్బందులు మూడు. బేస్ అనే మంద్ర ధ్వనుల కోసం ఉండే సబ్‌వూఫర్ ఎప్పుడూ గుంయ్‌మంటూనే ఉంటోంది, సినిమాలో మాటలు స్పష్టంగా తెలియడం లేదు, సోఫాలో కూర్చున్నవారికి బేస్ అందడం లేదు గాని వెనక గోడకున్న వంటగది గుమ్మం దగ్గర మాత్రం గుండె అదిరేలా వినిపిస్తోంది. దుకాణంవారు ఇంకా పెద్ద సబ్‌వూఫర్ తీసుకోమంటున్నారు, తీసుకోవచ్చా అన్నది మీ ప్రశ్న. ఇప్పుడే తీసుకోవద్దని నా విన్నపం. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ పెద్ద సబ్‌వూఫర్‌తో తీరేది కాదు.

రాజమహేంద్రవరంలో మేము ఇల్లు కట్టుకున్న కొత్తలో నేనూ ఈ దారిలోనే వెళ్లాను. సబ్‌వూఫర్ గుంయ్‌మంటోందని చెబితే, అమ్మినవారు అందులోనే లోపం ఉందని, పై రకం తీసుకుంటే ఆ బాధ ఉండదని అన్నారు. కొంత సొమ్ము కలిపి మార్చుకున్నాను. కొత్తది పెట్టిన సాయంత్రమే అదే శబ్దం, అదే శ్రుతిలో, మరికాస్త బిగ్గరగా వినిపించింది. రెండు వేర్వేరు పెట్టెలు ఒకే శ్రుతిలో మోగుతున్నాయంటే ఆ శబ్దం బయటి నుంచి వస్తోందన్న సంగతి అప్పుడు తట్టింది. ఆ రాత్రి నుంచి ఒక్కొక్క తీగనే విప్పుతూ, విప్పిన ప్రతిసారీ విని, తిరిగి పెడుతూ కారణాన్ని పట్టుకున్నాను. మీకూ అదే పద్ధతి చెబుతాను.

మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో నడుస్తుంది. అంటే 50 హెర్ట్జ్. సబ్‌వూఫర్ తయారయ్యేదే సుమారు 20 నుంచి 120 హెర్ట్జ్ వరకు ఉండే మంద్ర ధ్వనుల కోసం కనుక, కరెంటు లైను నుంచి ఏ కొంచెం జాడ సిగ్నల్‌లో కలిసినా అది మిగతా స్పీకర్లకంటె ముందు సబ్‌వూఫర్‌లోనే పలుకుతుంది. ఆ జాడ కలిసే మార్గాల్లో మన ఊళ్లలో అన్నిటికంటె ఎక్కువగా కనిపించేది కేబుల్ టీవీ తీగ. ఆ తీగ పైపొరగా ఉండే లోహపు అల్లిక వీధిలో ఎక్కడో స్తంభం దగ్గరో, ఆపరేటర్ యాంప్లిఫయర్ దగ్గరో భూమికి కలిసి ఉంటుంది. మీ ఇంట్లో టీవీ, రిసీవరు, సబ్‌వూఫర్‌లలో మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నది ఇంటి ఎర్తుకు కలిసి ఉంటుంది. ఈ రెండు ఎర్తుల మధ్య ఎప్పుడూ కాస్త వోల్టేజీ తేడా ఉండడం వల్ల, కేబుల్ తీగ పైపొర నుంచి సెట్‌టాప్ బాక్సుకు, అక్కడి నుంచి టీవీకి, హెచ్‌డీఎంఐ తీగ మీదుగా రిసీవరుకు, చివరికి సబ్‌వూఫర్ తీగ పైపొరలోకి సన్నని కరెంటు పారుతుంది. అదే మీకు వినిపిస్తున్న గుంయ్ శబ్దం కావచ్చు. దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు.

పరీక్ష చాలా చిన్నది. రిసీవరు వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, సెట్‌టాప్ బాక్సు వెనక మరతో బిగించి ఉన్న కేబుల్ తీగను విప్పండి. పవర్ తీగ జోలికి వెళ్లకండి, ఆ ఒక్క కేబుల్ తీగే. మా ఇంట్లో అది ఊడిన క్షణంలోనే హాలంతా నిశ్శబ్దమైంది. తీగ విప్పేటప్పుడు చేతికి జిల్లుమన్నా, టెస్టర్ పెడితే వెలిగినా ఇక ముట్టుకోకుండా ముందు ఎలక్ట్రీషియన్ చేత ఇంటి ఎర్తింగ్ చూపించుకోండి. అది శబ్దం కంటె ముందు తేల్చుకోవలసిన విషయం.

శబ్దం ఆగిందంటే మందు కూడా చవకైనదే. కేబుల్ తీగకూ సెట్‌టాప్ బాక్సుకూ మధ్య బిగించే ఐసొలేటర్ అనే బొటనవేలంత పరికరం దొరుకుతుంది. అది టీవీ సిగ్నల్‌ను పోనిచ్చి 50 హెర్ట్జ్ కరెంటును ఆపుతుంది. మేము వాడింది అదే, ఇప్పటికీ పనిచేస్తోంది. అయితే ఇది కేబుల్ కనెక్షన్ ఉన్నవారికి మాత్రమే. డిష్ యాంటెన్నా ఉన్న ఇళ్లలో సెట్‌టాప్ బాక్సు నుంచే అదే తీగ గుండా పైన గొడుగు దగ్గరి భాగానికి 13 లేక 18 వోల్టుల కరెంటు వెళ్లాలి కనుక మామూలు ఐసొలేటర్ పెడితే బొమ్మే రాదు. అలాంటి చోట టీవీకీ రిసీవరుకూ మధ్య హెచ్‌డీఎంఐ బదులు ఆప్టికల్ తీగ వాడడం మేలు. అందులో వెలుతురే తప్ప విద్యుత్తు నడవదు కనుక లూప్ అక్కడే తెగిపోతుంది. 5.1, అంటే అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్‌ల కోసం ఉండే డాల్బీ డిజిటల్ ధ్వని దానిలో చక్కగా వస్తుంది, పైనుంచి కూడా ధ్వని వచ్చే అట్మాస్ మాత్రం రాదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ప్లగ్గుకున్న ఎర్తు పిన్ను విరిచేస్తే శబ్దం పోతుందని కొందరు సలహా ఇస్తారు. శబ్దం పోయే మాట నిజమే. కాని లోపల ఎక్కడైనా ఫేజ్ తీగ లోహపు పెట్టెకు తగిలిన రోజున కరెంటుకు భూమిలోకి పోయే దారి ఎర్తు పిన్నుకు బదులు ఆ పెట్టెను ముట్టుకున్న మనిషే అవుతాడు. పిల్లలు తిరిగే హాల్లో ఆ పని ఎన్నటికీ చేయకండి.

కేబుల్ తీగ తీసినా శబ్దం ఆగకపోతే, సబ్‌వూఫర్‌కు వెళ్లే సిగ్నల్ తీగను కూడా తీసి చూడండి. ఏ తీగా లేకుండా, పవర్ ఒక్కటే ఇచ్చినా గుంయ్‌మంటే అప్పుడు నిజంగానే లోపం సబ్‌వూఫర్‌లో ఉన్నట్లు. ఆగిపోతే రిసీవరునూ సబ్‌వూఫర్‌నూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టి మళ్లీ వినండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు మాత్రమే గరగరమంటుంటే మీ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకం అయి ఉండవచ్చు. దానికి స్పీకర్లలో చేయవలసినది ఏమీ లేదు.

ఇక మాటలు తెలియకపోవడం. నాకు ఈ విషయం మీద పట్టుదల కలగడానికి కారణం మా అమ్మ. ఆమెకు వయసుతోపాటు వినికిడి కొంత తగ్గింది. వయసు పైబడినవారికి ముందుగా దూరమయ్యేవి హెచ్చు శ్రుతిలో ఉండే సన్నని ధ్వనులు. మన భాషలో క, ట, త, ప, స వంటి హల్లులను ఒకదాని నుంచి ఒకటి వేరు చేసేవి చాలావరకు ఆ ధ్వనులే. అందుకే వారికి అచ్చుల మోత వినిపిస్తుంది గాని మాట అర్థం కాదు. వాల్యూమ్ పెంచితే సంగీతమూ, దెబ్బల చప్పుళ్లూ కూడా దానితోపాటు పెరిగి, అమ్మ చివరికి లేచి తన గదిలోకి వెళ్లిపోయేది. ఆమె మళ్లీ మాతో కూర్చుని సినిమా చివరిదాకా చూసేలా చేయాలని నేను చాలా రోజులు వెచ్చించాను.

మొదట టీవీ సెట్టింగులు చూడండి. ఆడియో అవుట్‌పుట్ పీసీఎం అని ఉంటే చాలా టీవీలు రిసీవరుకు రెండు ఛానళ్ల ధ్వనినే పంపుతాయి. అప్పుడు మాటలకోసమే కేటాయించిన సెంటర్ స్పీకరుకు విడిగా ఏమీ అందదు. దాన్ని బిట్‌స్ట్రీమ్ లేక పాస్‌త్రూ అన్నదానికి, అంటే ధ్వనిని మార్చకుండా ఉన్నదున్నట్లు పంపేదానికి, మార్చండి. తరువాత రిసీవరు మెనూలో టెస్ట్ టోన్ వేసి అయిదు స్పీకర్లూ వరుసగా మోగుతున్నాయో లేదో, తమతమ చోటునుంచే మోగుతున్నాయో లేదో సరిచూసుకోండి.

ఆ పైన పొలారిటీ, అంటే స్పీకర్ తీగల ప్లస్, మైనస్‌లు సరిగ్గా ఉండడం. ఇల్లు కట్టేటప్పుడు గోడలో పైపుల గుండా స్పీకర్ తీగలు వేయించినవారు ఇది తప్పక చూడాలి. మా ఇంట్లో ఎలక్ట్రీషియన్ రెండు పోగులూ ఒకే రంగు ఉన్న తీగ వేసి, మధ్యలో ఒక డబ్బాలో అతుకు పెట్టాడు. ఆ అతుకు దగ్గర ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. ఫలితంగా కుడి ముందు స్పీకర్ కోన్ (కదిలి ధ్వని పుట్టించే గరాటు లాంటి భాగం) ముందుకు వచ్చే వేళకు ఎడమది వెనక్కి పోతూ, రెండూ ఒకదాని బేస్‌ను ఒకటి తినేసేవి. పాటలు పెడితే గాయకుడి గొంతు నడుమ నిలవకుండా గదంతా చెల్లాచెదరుగా వినిపించేది. దీన్ని కనిపెట్టడానికి మామూలు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ చాలు. రిసీవరు ఆపి, దాని వెనక నుంచి ఆ స్పీకర్ తీగను పూర్తిగా విప్పి, సెల్ ప్లస్‌ను ఎర్ర గుర్తు పెట్టిన పోగుకు, మైనస్‌ను రెండోదానికి ఒక్క క్షణం తాకించండి. మరొకరు వూఫర్ కోన్‌ను చూస్తూ ఉండాలి. అది బయటికి కదిలితే సరిగ్గా ఉన్నట్లు, లోపలికి పోతే తారుమారైనట్లు. మా అయిదింటిలో రెండు తప్పుగా ఉన్నాయి, వాటిలో ఒకటి సెంటర్. రిసీవరు వెనక పోగులు మార్చి పెట్టడానికి అయిదు నిమిషాలు పట్టింది. తిరిగి బిగించేటప్పుడు సన్నని రాగి పోగు ఒక్కటి కూడా పక్క టెర్మినల్‌కు తగలకుండా మెలిపెట్టండి. తగిలితే రిసీవరు తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది.

తీగ ఖరీదు గురించి భయపడకండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ పది మీటర్లు వేస్తే, వెళ్లే దారీ వచ్చే దారీ కలిపి నిరోధం సుమారు పావు ఓమ్. 8 ఓముల స్పీకరుకు అది లెక్కలోకి రాదు. అయితే రాగి పూత పూసిన అల్యూమినియం తీగను రాగి అని అమ్ముతుంటారు. బ్లేడుతో గీరితే లోపల తెల్లగా కనిపిస్తుంది.

సెంటర్ స్పీకరును మీరు టీవీ యూనిట్ అరలో లోపలికి నెట్టి పెట్టి ఉంటే, అరలోంచి ముందుకు లాగి అంచుకు సమంగా పెట్టండి. ముందువైపు కింద రబ్బరు ముక్క ఉంచి, కూర్చున్నవారి చెవుల వైపు ముఖం ఎత్తండి. చెక్క అర లోపల మాట డొల్లగా, కుండలోంచి వచ్చినట్లు ఉంటుంది. ఇవన్నీ అయ్యాక సెంటర్ లెవెల్‌ను రెండు డెసిబెల్స్ పెంచితే సరిపోతుంది.

గదిని కూడా వినాలి. హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. వెనువెంటనే సన్నగా మోగే ప్రతిధ్వని వస్తే, విట్రిఫైడ్ టైల్స్, ఖాళీ గోడలు, కిటికీ అద్దాలు కలిసి హల్లులను చెరిపేస్తున్నట్లు. మేము టీవీకీ సోఫాకూ మధ్య నేలమీద మందపాటి నూలు జంపఖానా పరిచి, కిటికీలకు బరువైన తెరలు వేశాము. అమ్మకు అన్నిటికంటె ఎక్కువ తేడా తెలిసింది ఈ మార్పుతోనే.

చివరిగా బేస్. దీనికి కారణం మీరు ఇచ్చిన కొలతల్లోనే ఉంది. ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు వెళుతుంది. 14 అడుగులంటే 4.27 మీటర్లు. ఆ రెండు గోడల మధ్య నిలువుటల (గోడలకు తగిలి తిరిగి వస్తూ ఒకేచోట నిలిచినట్లుండే అల) కట్టే మొదటి ధ్వని దాదాపు 40 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఈ అల గోడల దగ్గర ఉధృతంగా ఉండి, సరిగ్గా మధ్యలో, అంటే ఏడడుగుల దగ్గర శూన్యమవుతుంది. మీ సోఫా ఉన్నది అక్కడే. వంటగది గుమ్మం ఉన్నది వెనక గోడకు. ఎంత శక్తిగల సబ్‌వూఫర్ తెచ్చినా గుమ్మం దగ్గరి మోత పెరుగుతుందే తప్ప సోఫా దగ్గరి లోటు తీరదు.

కనుక ముందు సోఫాను ఒకటిన్నర, రెండు అడుగులు వెనక్కి జరపండి. ఆ తరువాత సబ్‌వూఫర్‌ను తాత్కాలికంగా సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ ఎక్కువగా ఉన్న పాట ఒకటి మళ్లీమళ్లీ వేస్తూ, మీరు గోడల వెంట నేలకు దగ్గరగా వంగి నడుస్తూ వినండి. ఎక్కడ బేస్ నిండుగా, అన్ని స్వరాలూ సమంగా వినిపిస్తాయో అక్కడికి సబ్‌వూఫర్‌ను మార్చండి. ఈ రెండు పనుల వరుస మార్చకండి, ఎందుకంటే సోఫా శూన్యస్థానంలో ఉండగా ఈ పరీక్ష చేస్తే తప్పు చోటునే చూపిస్తుంది. మా ఇంట్లో అది మూల కాకుండా, పక్క గోడ వెంట మూడో వంతు దూరంలో కుదిరింది. చోటు కుదిరాక సబ్‌వూఫర్‌కున్న ఫేజ్ మీటను (కోన్ కదలిక దిశను తిప్పేది, కరెంటు ఫేజ్ కాదు) 0కీ 180కీ మార్చి, సోఫాలో బేస్ ఎక్కువగా వినిపించినచోట ఉంచేయండి.

రిసీవరుతో వచ్చిన మైకుతో కాలిబ్రేషన్, అంటే గదికి తగ్గట్టు స్పీకర్లను సరిచేసుకోవడం, అన్నిటికంటె చివర చేయాలి. ఫ్యాను, ఏసీ ఆపి, మైకును సోఫా వీపు మీద కాకుండా ట్రైపాడ్ మీద చెవుల ఎత్తులో నిలపండి. అది పూర్తయ్యాక మెనూలో స్పీకర్లను లార్జ్ అని నమోదు చేసి ఉంటే స్మాల్ అని మార్చి, క్రాసోవర్ (ఏ హెర్ట్జ్ కంటె కింది ధ్వని సబ్‌వూఫర్‌కు వెళ్లాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. సెంటర్‌కు పెంచిన రెండు డెసిబెల్స్‌ను కాలిబ్రేషన్ చెరిపేస్తుంది కనుక వాటిని తిరిగి పెంచుకోండి.

ఈ రాత్రికి కేబుల్ తీగ పరీక్ష ఒక్కటి చేసి, శబ్దం ఆగిందో లేదో రాయండి. ఆగకపోతే మీ సబ్‌వూఫర్ ప్లగ్గుకు రెండు పిన్నులా మూడు పిన్నులా, రిసీవరూ అదీ ఒకే బోర్డులో ఉన్నాయా అన్న వివరాలు కూడా ఇస్తే, తరువాత ఏ తీగ విప్పాలో చెబుతాను.